సైకిల్‌కు ట్యూబ్‌లెస్ వేయిస్తుంటే టైరు పేలింది: మార్చి నుంచి మే దాకా నా అనుభవం

ట్యూబ్‌లెస్ టైరుకు గాలి కొడుతున్నప్పుడు వచ్చే పెద్ద మోత రబ్బరు చిరిగి వచ్చేది కాదు. టైరు అంచు రిమ్ దాటి బయటికి దూకుతుంది, లోపలి గాలంతా ఒక్క లిప్తలో బయటపడుతుంది, ఆ మోత అది. తర్వాత టైరు తీసి చూస్తే చాలాసార్లు చిన్న కోత కూడా కనిపించదు. అందుకే "ఏం కాలేదు, మళ్లీ ఎక్కిద్దాం" అంటారు. అసలు ప్రమాదం ఆ మాటతోనే మొదలవుతుంది. 2025 మార్చిలో నల్లగొండలో నా సైకిల్‌కు ఇదంతా జరిగింది. గేరు సైకిళ్లు పెరుగుతున్నాయి, ట్యూబ్‌లెస్ అడిగేవాళ్లూ పెరుగుతున్నారు. వాళ్లకు పనికొస్తుందని వరుసగా రాస్తున్నాను.

నాది 29 అంగుళాల గేరు సైకిల్, డిస్క్ బ్రేకులు. పానగల్లు దాటి ఉదయసముద్రం వైపు, కాలువ గట్ల మీద తొక్కేవాళ్లకు ట్యూబ్‌లెస్ ఎందుకో చెప్పనక్కర్లేదు. సర్కారు తుమ్మ కొట్టి గట్టు మీదే పడేస్తారు. ఎండిన ముల్లు మట్టి రంగులో కలిసిపోయి కంటికి ఆనదు. వానలు వెలిసిన నెలల్లో పల్లేరు కాయలు. ఒకే ట్యూబుకు రెండు మూడు చోట్ల బొక్కలు పడి ఇంటికి నడిపించుకుంటూ వచ్చిన రోజులున్నాయి. ట్యూబు తీసేసి లోపల సీలెంటు, అంటే బొక్కలు మూసే రబ్బరు ద్రవం, పోస్తే ఇలాంటి ముల్లు బొక్కలు తిరుగుతుండగానే మూసుకుపోతాయి. ఆ ఆశతోనే మొదలుపెట్టాను.

మార్చి 6న ఆన్‌లైన్‌లో సామాను ఆర్డర్ పెట్టాను. రిమ్ లోపలి స్పోకు బొక్కలు మూసే 25 మి.మీ. రిమ్ టేపు రూ. 850, ఒక జత ట్యూబ్‌లెస్ వాల్వులు రూ. 900, అర లీటరు సీలెంటు రూ. 1,400. 11న చేతికొచ్చాయి. టైర్లు మాత్రం సైకిల్‌తో వచ్చినవే, అంచులో ఇనుప తీగ ఉన్నవి. "ఏ టైరైనా ట్యూబ్‌లెస్ అయితది సార్, టేపు మంచిగ వేస్తే చాలు" అన్నారు షాపులో. ఈ మాట హైదరాబాద్‌లో కూడా వింటాం. గాలి నిలుస్తుందన్నంత వరకు అది నిజమే. టైరు రిమ్ మీద నిలుస్తుందా అన్నది వేరే సంగతి.

16వ తేదీ ఆదివారం పొద్దున వెనక చక్రం షాపులో ఇచ్చాను. మెకానిక్ చేయి తిరిగినవాడే, కానీ ట్యూబు సైకిళ్ల మీద. పాత రబ్బరు పట్టీ తీసి టేపు వేశాడు, వాల్వు బిగించాడు, టైరు ఎక్కించి చివరి జానెడు మిగిలినప్పుడు లోపల 100 మి.లీ. దాకా సీలెంటు పోశాడు. తర్వాత కంప్రెసర్ పైపు పెట్టాడు. టైరు మొదట బుస్సుమంటూ అంచుల నుంచి నురగ కక్కింది, తర్వాత పట్టుకుంది. టక్, టక్ అని రెండు చప్పుళ్లొచ్చాయి.

ఈ టక్ చప్పుడు గురించి ఇక్కడే చెప్పాలి, కొత్తవాళ్లు దానికే జడుసుకుంటారు. టైరు అంచులో ఉండే గట్టి వలయాన్ని బీడ్ అంటారు. అది రిమ్ మధ్య గాడి నుంచి పక్కకు జరిగి తన చోట కూర్చున్నప్పుడల్లా గట్టిగా టక్ మంటుంది. గాలి ఒత్తిడి 15 పీఎస్ఐ నుంచి 35 పీఎస్ఐ మధ్య ఉన్నప్పుడు ఇది మామూలే. వినాలి కూడా. పొడిగా, తెగ్గొట్టినట్టు ఉంటుంది, ఆ తర్వాత టైరు ఇంకా గుండ్రంగా అవుతుంది.

మా టైరు చుట్టూ కూర్చుంది గానీ వాల్వు దగ్గర ఒక జానెడు లోపలికే ఉండిపోయింది. "ఇంకొంచెం కొడితే ఎక్కుతది" అని మెకానిక్ పైపు తీయలేదు. పైపుకున్న మీటరు ముల్లు 20 దగ్గర ఆగిపోయి కదలడం లేదు. టైరు వేలితో నొక్కితే రాయిలా ఉంది. ఇది 20 కాదన్నా, పైపు తీయమన్నా అని చెబుతుండగానే పేలింది.

కొన్ని క్షణాలు ఏమీ వినిపించలేదు. ఎదుటివాళ్ల పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. షట్టరు మీద, గోడ మీద, నా కళ్లద్దాల మీద తెల్లటి సీలెంటు. కళ్లద్దాలు లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మెకానిక్ బొటనవేలు దగ్గర తోలు లేచిపోయింది. అంతకుమించి దెబ్బలేమీ తగల్లేదు. పక్క హోటల్లో టీ తాగుతున్నవాళ్లు సిలిండర్ పేలిందనుకుని పరుగెత్తుకొచ్చారు. పక్కనే ఒక చిన్న పాప వాళ్ల నాన్న చేయి పట్టుకుని నిలబడి ఉంది. ఆ పాప ఏడుపు నాకు ఎక్కడో దూరం నుంచి వినిపిస్తున్నట్టు వచ్చింది. గాలి కొట్టేచోట పిల్లల్ని నిలబెట్టకండి. ఈ రాతలో ఇంకేం గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకోండి.

ఆ రాత్రంతా కుడి చెవిలో కుయ్యిమని ఒకటే మోత. నిద్ర పట్టలేదు. వినికిడి పోతుందేమోనన్న భయం ముందు పోయిన సీలెంటు, డబ్బులు గుర్తుకే రాలేదు. సోమవారం చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఫీజు రూ. 500, వినికిడి పరీక్ష రూ. 600. పరీక్షలో తేడా ఏమీ రాలేదు, బుధవారానికి మోత తగ్గింది. డాక్టర్ చెప్పింది ఒకటే: ఇలాంటి శబ్దం తర్వాత చెవి దిబ్బడగా ఉన్నా, మోత ఒక రోజుకు తగ్గకపోయినా వారం చూద్దామని ఆగొద్దు. వినికిడి తగ్గినట్టయితే మందు మొదటి రోజుల్లో పడితేనే బాగా పనిచేస్తుంది.

18న చక్రం తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు అక్కడే ఇంకో పేలుడు విన్నాను. ఇది ట్యూబున్న సైకిలే, ఒక స్కూలు పిల్లాడిది. కారణం టైరు సైజు. ఇది చాలామందికి తెలియాల్సిన సంగతి కాబట్టి కొంచెం ఆగుతాను.

మన పాత పెద్ద సైకిళ్ల టైరు మీద 28 × 1½ అని ఉంటుంది. దాని అసలు కొలత, అంటే బీడ్ కూర్చునే చోట రిమ్ వ్యాసం, 635 మి.మీ. కొత్త సైకిళ్లకు వచ్చే కొన్ని టైర్ల మీద 28 × 1.75 అని ఉంటుంది, వాటి కొలత 622. రెండూ 28 అనే అంటారు, షాపులో ఒకే కొక్కేనికి వేలాడతాయి. 635 టైరును 622 రిమ్ మీద వేస్తే చేత్తోనే హాయిగా ఎక్కుతుంది, గాలి కొట్టగానే ఒక పక్క నుంచి ట్యూబు బయటికొచ్చి పేలుతుంది. 26లో కూడా ఇదే గొడవ: 26 × 1⅜ అయితే 590 మి.మీ., గేరు సైకిళ్ల 26 × 1.95 అయితే 559. 700సి రోడ్డు సైకిల్, 29 అంగుళాల కొండ సైకిల్ మాత్రం రెండూ 622. 27.5 అంటే 584. కాబట్టి అంగుళాలు చూడొద్దు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 57-622 లాగా ఒక జంట అంకెలుంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండోది ఈ వ్యాసం. రెండో అంకె రిమ్ మీద ఉన్నదానితో అచ్చంగా కలవాలి. టైరు మరీ సులువుగా ఎక్కిందంటే సంతోషపడకుండా ఆ అంకె చూడండి.

మా టైరులో ఆ తప్పు లేదు. 622కు 622. మరి ఎందుకు పేలింది? ఇంటికొచ్చి అన్నీ విప్పి చూశాను. ఒక్క కారణం కాదు, నాలుగైదు కలిశాయి.

మొదటిది టేపు. పాత రిమ్ లోపలి వెడల్పు 19 మి.మీ. ఉంది, టేపు 25. మిగిలిన టేపు రెండు పక్కలా గోడల మీదికి ఎక్కి, బీడ్ కూర్చోవాల్సిన మూలలో ముడతలు పడింది. టేపు రిమ్ లోపలి వెడల్పు కంటే 2 నుంచి 3 మి.మీ. మాత్రమే ఎక్కువ ఉండాలి. తక్కువైతే గాలి స్పోకుల బొక్కల్లోంచి పోతుంది, ఎక్కువైతే బీడ్ సరిగా కూర్చోదు.

రెండోది వాల్వు అడుగున ఉండే రబ్బరు బుడిపె. సన్నటి రిమ్‌లో అది గాడి మొత్తం ఆక్రమించి, బీడ్‌ను తన నెత్తిన కూర్చోబెట్టుకుంది. ఆ జానెడు ఎక్కకపోవడానికి కారణం ఇదే. గాలి కొట్టకముందే వాల్వును వేలితో లోపలికి నెట్టి, బీడ్ దానికి అటొకటి ఇటొకటి దిగేలా చేయాలి. రెండు సెకన్ల పని. గాలి ఎక్కువ కొట్టి ఆ బుడిపె మీద నుంచి బీడ్‌ను జరపడం అయ్యే పని కాదు.

మూడోది రిమ్. ట్యూబ్‌లెస్ రిమ్‌లో గోడ పక్కన బీడ్ కూర్చోవడానికి ఒక చదునైన అరుగు, దాని లోపలి వైపు చిన్న గట్టు ఉంటాయి. ఒకసారి కూర్చున్న బీడ్ మళ్లీ మధ్య గాడిలోకి జారకుండా ఆ గట్టు ఆపుతుంది. మా పాత రిమ్‌లో అరుగూ లేదు, గట్టూ లేదు, గోడ నుంచి గాడికి ఏటవాలుగా దిగిపోతుంది. పేలడానికి అసలు మూలం ఇక్కడుంది. టైరు ఎక్కించేటప్పుడు మనమే బీడ్‌ను ఒక వైపు గాడిలోకి నొక్కుతాం, అప్పుడు ఎదురు వైపు వదులు వచ్చి టైరు రిమ్ మీదుగా ఎక్కుతుంది. ఇందులోనూ అదే జరుగుతుంది, కాకపోతే తలకిందులుగా. వాల్వు దగ్గర బీడ్ గాడిలో ఉండిపోయింది కాబట్టి ఎదురు వైపు వదులు మిగిలింది. గాలి పెరుగుతుంటే ఆ వదులు ఉన్నచోట అంచు పైకి లేచి రిమ్ దాటింది. ఎక్కని చోటు ఒకటి, పేలే చోటు ఇంకొకటి. మెకానిక్ కళ్లు ఎక్కని చోటు మీదే ఉన్నాయి.

నాలుగోది మీటరు. కంప్రెసర్ ట్యాంకులో 100 పీఎస్ఐ పైనే ఉంటుంది, 29 × 2.25 టైరులో పట్టేది సుమారు 5 లీటర్లు. మీటరు పనిచేయకపోతే 40 నుంచి 70కి పోవడానికి కొన్ని సెకన్లు చాలు. పైగా లోపల సీలెంటు ఉంది. ముందు ఉత్త గాలితో కూర్చోబెట్టి, నిలిచిందని చూసుకున్నాకే సీలెంటు పోయాలి. తడి సీలెంటు బీడ్‌ను జారేలా చేస్తుంది, పేలితే కళ్లలో పడుతుంది.

"రోడ్డు సైకిల్ టైర్లకు 80 కొడతారు కదా, దీనికి 50 కొడితే ఏమైతది" అని మెకానిక్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. టైరు పొర మీద, బీడ్ మీద పడే లాగుడు గాలి ఒత్తిడి మీదే కాదు, టైరు లావు మీద కూడా ఆధారపడుతుంది. 28 మి.మీ. టైరులో 80 పీఎస్ఐ ఎంత లాగుతుందో, 56 మి.మీ. టైరులో 40 పీఎస్ఐ అంతే లాగుతుంది. లావు టైరుకు అంకె చిన్నదైనా బలం తక్కువ కాదు. రోడ్డు సైకిళ్లవాళ్లకు ఇంకో మాట: ఇప్పుడు వస్తున్న కొన్ని రిమ్‌లకు లోపల కొక్కెం అంచు ఉండదు, గోడ నిటారుగా ఉంటుంది. వాటికి 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ దాటకూడదు. ఆ రిమ్‌కు పనికొస్తుందని తయారీదారు చెప్పిన టైరే వేయాలి.

పేలిన టైరు చూడటానికి బాగానే ఉంది. అది పనికొస్తుందా లేదా తేల్చుకోవడానికి 19న ఇంట్లో పాత ట్యూబు పెట్టి అదే రిమ్ మీద ఎక్కించాను. చెవుల్లో మందుల షాపులో దొరికే నురగ బిరడాలు, కళ్లకు అద్దాలు, చక్రం గోడవారగా, నేను మెట్టు వెనక. పంపు రూ. 1,600ది, నిలువుది, మీటరు దగ్గరే గాలి వదిలే బటన్ ఉంది. టైరు పక్కన రిమ్ అంచుకు కాస్త పైన, చుట్టూ ఒక సన్నటి గీత అచ్చుపడి ఉంటుంది. చూడాల్సింది ఆ గీతనే. 20 దగ్గర గీత చుట్టూ రిమ్ నుంచి ఒకే ఎత్తులో ఉంది. 24 దగ్గర కూడా అంతే. 26 దగ్గర ఒకచోట గీత మెల్లగా పైకి జరగడం మొదలైంది. 3 మి.మీ. ఉన్నది 5 అయింది, 6 అయింది. టైరు పక్క ఒక బెత్తెడు మేర ఉబ్బి, గీత కింద ఎప్పుడూ కనిపించని నల్లటి మెరిసే రబ్బరు బయటపడింది. నేను పంపు కొట్టడం లేదు, అయినా అది కదులుతోంది. బటన్ నొక్కి గాలి వదిలేశాను. చేతులు వణికాయి.

అంటే మొదటి పేలుడుకే బీడ్ తీగ సాగిపోయింది. ఒకసారి రిమ్ దాటి దూకిన టైరును ట్యూబుతో కూడా వాడకూడదు. రోడ్డు మీద వెళ్తుండగా ముందు చక్రానికి ఇలా జరిగితే పడిపోవడమే. ఆ టైరును పాత సామాన్ల వాడికి వేసేముందు బీడ్‌ను రంపంతో రెండు చోట్ల కోశాను. కోయకపోతే ఎవరో ఒకరు సగం ధరకు ఇంకో సైకిల్‌కు వేస్తారు.

20న కొత్త ఆర్డర్: మడత పెట్టగలిగే ట్యూబ్‌లెస్ టైర్లు రెండు, 29 × 2.25, ఒక్కోటి రూ. 3,100. వీటి బీడ్ ఇనుప తీగ కాదు, అరామిడ్ అనే గట్టి కృత్రిమ నార. మడతపడే టైర్లన్నీ ట్యూబ్‌లెస్ కావు, పక్కన ట్యూబ్‌లెస్ రెడీ అని రాసి ఉండాలి. రిమ్‌లు కూడా మార్చాలని నిర్ణయించాను. 32 బొక్కలవి, లోపలి వెడల్పు 25 మి.మీ., ఒక్కోటి రూ. 2,600. 27 మి.మీ. టేపు రూ. 900. అన్నీ బెంగళూరు నుంచి 26న వచ్చాయి.

రిమ్ మార్చాలంటే చక్రం మొత్తం విప్పి మళ్లీ అల్లాలి. రిమ్ లోతు మారితే స్పోకు పొడవు మారుతుంది. నాకు 2 మి.మీ. పొట్టివి కావాల్సి వచ్చాయి. నల్లగొండలో చక్రం అల్లేవాళ్లున్నారు గానీ ఆ పొడవు స్పోకులు దొరకలేదు. 27న చక్రాలు రెండూ కట్టి ఆర్టీసీ బస్సులో హైదరాబాద్ తీసుకెళ్లాను. బస్సులో చక్రాలను నిలబెట్టకుండా, డిస్క్ పళ్లెం పైకి ఉండేలా పడుకోబెట్టండి, వంగితే బ్రేకు గీసుకుంటుంది. స్పోకులు, నిపుల్స్ రూ. 960, కూలి చక్రానికి రూ. 500. నాలుగు రోజుల్లో ఇస్తామన్నారు. 30న ఉగాది, 31న రంజాన్, మనుషులు లేరు. ఏప్రిల్ 4న చేతికొచ్చాయి. ఆ వారమంతా సైకిల్ చక్రాల్లేకుండా వరండాలో ఉంటే, నిజం చెప్పాలంటే, కొంచెం హాయిగానే అనిపించింది. మళ్లీ గాలి కొట్టే రోజు రాకపోతే బాగుండనిపించేంత భయం ఉంది.

ఏప్రిల్ 5 సాయంత్రం టేపు పని. కొత్త రిమ్ మీద నూనె జిడ్డు ఉంటుంది. మందుల షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చి దూదితో తుడిచి ఆరనిచ్చాను. టేపు వాల్వు బొక్కకు ఒక జానెడు ముందు మొదలుపెట్టి, బాగా లాగిపట్టి, చుట్టూ తిప్పి, వాల్వు బొక్క దాటి ఇంకో జానెడు దాకా తెచ్చి కోయాలి. అలా బొక్క మీద రెండు పొరలు వస్తాయి. లాగకుండా వేస్తే మధ్య గాడిలో టేపు తేలిపోతుంది, గాలి ఒత్తిడికి తర్వాత లేచిపోతుంది. గుడ్డతో రుద్దుతూ గాలి బుడగలు పక్కకు నెట్టాను. తర్వాత టైరు, లోపల ట్యూబు పెట్టి 30 పీఎస్ఐ కొట్టి రాత్రంతా వదిలేశాను. ఇందులో రెండు లాభాలు: ట్యూబు టేపును గాడిలోకి అదిమి అతికిస్తుంది, మడతల టైరు తన ఆకారానికొస్తుంది.

6న, శ్రీరామనవమి పొద్దున, గాలి తీసి టైరును ఒక పక్క మాత్రమే విప్పి ట్యూబు బయటికి లాగాను. రెండో పక్క బీడ్ కూర్చునే ఉంది, దాన్ని కదిలించలేదు. సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే ఇక ఒక్క పక్కే కూర్చోవాలి. వాల్వు బొక్క దగ్గర టేపును బ్లేడుతో కోయొద్దు, కోసిన గీత చీలుకుంటూ పోతుంది. సన్నటి మేకును మంట మీద కాల్చి గుచ్చితే అంచు కరిగి గుండ్రంగా బొక్క పడుతుంది. వాల్వు నట్టును వేళ్లతోనే బిగించాలి. పట్టకారుతో బిగిస్తే రోడ్డు మీద పంచరైన రోజు అది ఊడి రాదు, ట్యూబు వేసుకోలేరు.

వాల్వు గురించి ఇంకో ముక్క. ఆన్‌లైన్‌లో ఎక్కువగా దొరికేవి సన్నటి ప్రెస్టా వాల్వులు, వాటికి 6.5 మి.మీ. బొక్క కావాలి. మన గేరు సైకిళ్లలో చాలావాటి రిమ్‌లకు మోటార్ సైకిల్ వాల్వు పట్టే 8.5 మి.మీ. బొక్క ఉంటుంది. మీది అలాంటి ట్యూబ్‌లెస్ రిమ్ అయితే లావు రకం ట్యూబ్‌లెస్ వాల్వే కొనండి, ఏ పంచర్ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. నా కొత్త రిమ్‌లకు సన్న బొక్కే ఉంది కాబట్టి ప్రెస్టాతోనే సరిపెట్టుకున్నాను.

సబ్బు నీళ్లు బ్రష్‌తో బీడ్ చుట్టూ రాశాను. వాల్వు దగ్గర వేలితో లోపలికి నెట్టి రెండు బీడ్‌లూ పక్కలకు దిగాయని చూసుకున్నాను. వాల్వు పిన్ను విప్పేశాను. పిన్ను లేకపోతే గాలి చాలా వేగంగా పోతుంది, బీడ్ కూర్చోవడానికి ఆ వేగమే కావాలి. ముందు చక్రం నిలువు పంపుతోనే, ఆపకుండా గబగబా కొడితే పట్టుకుంది. వెనకది పట్టలేదు, అంచుల నుంచి గాలి పోతూనే ఉంది.

పెట్రోలు బంకుకు తీసుకెళ్తే అక్కడి డిజిటల్ మిషన్ మొదలే కాలేదు. అది ముందు టైరులో ఎంత ఉందో కొలుస్తుంది, ఏమీ లేకపోతే ఆగిపోతుంది. పైగా ప్రెస్టాను లావు వాల్వులా మార్చే నాజిల్ పిన్ను తీసేస్తే బిగుసుకోదు, దాని మర పిన్నుకే ఉంటుంది. చివరికి దేవరకొండ రోడ్డులో ఒక పంచర్ షాపులో దుమ్ము ఊదే గన్ను ఉంది. దాని రబ్బరు మూతిని వాల్వు మీద అదిమిపెట్టి కొడితే సరిపోయింది. ఆయనకు ముందే చెప్పాను: "అన్నా, రెండు సెకన్లు కొట్టు, తీసెయ్. టక్ మనగానే ఆపాలె." ఎందుకంటే ఇలా కొట్టేటప్పుడు మీటరు ఉండదు. కంప్రెసర్ పని బీడ్‌ను గాడి నుంచి లేపడం వరకే. అది లేచాక మిగతా ఒత్తిడి మీటరున్న పంపుతో ఎక్కించాలి. రెండోసారి కొట్టగానే టక్, టక్, టక్ అంది. ఆ చప్పుడుకు నేను రెండడుగులు వెనక్కి వేశాను, ఆయన కదల్లేదు. గన్ను తీయగానే గాలంతా పోయింది గానీ బీడ్ కూర్చునే ఉంది. డబ్బులు రూ. 50 ఇచ్చాను.

ఇంటికొచ్చి పిన్ను బిగించి పంపుతో 25 దాకా కొట్టి ఆగాను. గీత చూశాను. ఒకచోట లోపలికి ఉంది. ఇక్కడే అందరి చేయీ పంపు మీదికి పోతుంది. గాలి మొత్తం తీసేసి, ఆ చోట సబ్బు నీళ్లు మళ్లీ రాసి, రెండు బొటనవేళ్లతో టైరును బయటికి లాగి, మళ్లీ కొట్టాను. 32 దగ్గర టక్ మంది. గీత చుట్టూ ఒకే ఎత్తుకు వచ్చింది. నా టైరు మీద 50 దాటొద్దని ఉంది, రిమ్ మీద 40. రెండింట్లో చిన్న అంకే లెక్క, అందుకే 35తో ఆపేశాను. 40కి కూడా కూర్చోని టైరు 50కి కూర్చోదు, సబ్బో టేపో వాల్వో ఎక్కడో అడ్డం ఉంది, దాన్ని వెతకాలి.

పావుగంట చూశాక గాలి తీసి, పిన్ను విప్పి, సీలెంటు బాటిల్ బాగా కుదిపి, 50 మి.లీ. సిరంజితో చక్రానికి 100 మి.లీ. ఎక్కించాను. కుదపకపోతే బొక్కలు మూసే రేణువులు అడుగునే ఉండిపోతాయి. మళ్లీ 35 కొట్టి, చక్రాన్ని బకెట్ మీద పడుకోబెట్టి ఒక్కో పక్క పది నిమిషాలు ఉంచాను, మధ్యమధ్యలో తిప్పాను. టైరు పక్కల్లో సూదిమొన అంత తెల్లటి చుక్కలు అక్కడక్కడా వచ్చి ఎండిపోయాయి. అది మామూలే.

మరుసటి రోజు పొద్దున వెనక 22 ఉంది, ముందు 27. మనసు చివుక్కుమంది. కానీ మళ్లీ కొట్టి నాలుగు కిలోమీటర్లు తొక్కొచ్చాక సీలెంటు అన్ని మూలలకూ పాకింది, వారం తిరిగేసరికి రోజుకు 1 పీఎస్ఐ కూడా తగ్గడం లేదు. 70 కిలోల మనిషికి గట్ల మీద ముందు 21, వెనక 24 ఉంచుతున్నాను. తారు రోడ్డు మీదే వెళ్లే రోజు 28.

ఎండకు టైర్లు పేలతాయని ఇక్కడ అందరూ అంటారు కాబట్టి లెక్క చూశాను. పొద్దున 25 డిగ్రీల దగ్గర 24 పీఎస్ఐ ఉన్న టైరు, ఎండలో నిలబెట్టి లోపలి గాలి 60 డిగ్రీలకు వేడెక్కినా 28.5 దాకానే పోతుంది. సరిగా కూర్చున్న టైరును ఇది ఏమీ చేయదు. ఎండలో నిలబెట్టిన సైకిల్ పేలిందంటే ముందు టైరు సైజు, బీడ్ కూర్చున్న తీరు, కింద ఇరుక్కున్న ట్యూబు చూడాలి. మన ఎండ నిజంగా దెబ్బతీసేది సీలెంటును. అది నీళ్లలో కలిపిన రబ్బరు, త్వరగా ఎండిపోతుంది.

ఖర్చు: మొదటి సామాను, కొత్త టైర్లు, రిమ్‌లు, టేపు, స్పోకులు, కూలి, పంపు, డాక్టర్ కలిపి రూ. 20 వేలు దాటింది. రిమ్, టైరు ముందు నుంచే ట్యూబ్‌లెస్‌వి అయిన సైకిల్ కొన్నవాళ్లకు టేపు, వాల్వులు, సీలెంటు కలిపి మూడు వేల చిల్లరలో అయిపోతుంది. సైకిల్ కొనేటప్పుడే రిమ్ మీద ఏం రాసి ఉందో అడగండి.

మే 25న పిన్ను విప్పి, సన్నటి పుల్ల లోపలికి పెట్టి చూశాను. ముందు చక్రంలో పుల్ల కొన తడిసింది, వెనక దాంట్లో పొడిగా వచ్చింది. ఒక పక్క బీడ్ దించి చూస్తే లోపల రబ్బరు పొర కట్టి, రెండు తుమ్మ ముళ్ల కొనలు తెల్లగా మూసుకుపోయి ఉన్నాయి. ముళ్లు పీకి, పొర ఊడదీసి, వెనక 80, ముందు 40 మి.లీ. పోశాను. సీసాలో మిగిలినది 80 మి.లీ. వానాకాలంలో రెండు మూడు నెలలకు, ఎండాకాలంలో నెలన్నరకే చూడాలి.